వదులుగా నొక్కిన ఫిటింగ్

నవంబర్ 9

నాన్నని ఇంకా భుజం కదపొద్దన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయింది కదా, నెల్లాళ్లు షాపు చూసుకుందామని వచ్చాను. ఇంకా ఇక్కడే ఉన్నాను. కోతలు మొదలయ్యాయి, ఆటోనగర్‌లో మా షాపు ముందు కోత మిషన్ల వాళ్లు క్యూ. హైడ్రాలిక్ గొట్టాల చివర అరిగిపోయిన ఫిటింగులు కోసి పారెయ్యడం, కొత్తవి తొడిగి క్రింపింగ్ మిషన్‌లో పెట్టి నొక్కడం. పొద్దున్నించీ ఇదే. బీటెక్ చదివింది ఇందుకా అని ఒక్కరూ అడగరు. అందరూ మెచ్చుకునేవాళ్లే. నా ఖర్మ.

పుణె నించి మెయిల్ వచ్చింది. డిజైన్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం. డిసెంబర్ ఒకటిన జాయిన్ అవ్వాలి.

నవంబర్ 11

నాన్నకి చెప్పాను. పనివాడు దొరకనీ, చూద్దాం అన్నారు. బాబీ అని పని బాగా తెలిసినతను మొన్న వచ్చి అడిగితే, మా అమ్మాయి ఉందిగా అని పంపేశారట. అదీ గర్వంగా నాకే చెప్పారు. ఒళ్లు మండిపోయింది. ఆయన భుజం కట్టు చూసి, షాపు తాళాలు తీసుకుని వచ్చేశాను.

నవంబర్ 14

ఒక్క గొట్టం కారితే చాలు. అమ్మాయికి పని రాదంటారు. నాన్న బాబీని పిలుస్తారు.

నవంబర్ 15, మధ్యాహ్నం

చేసేశాను. హనుమాన్ జంక్షన్ నించి ఆరోన్ గారు వచ్చారు. సొంత మిషన్, తనే నడుపుకుంటారు. ఫిటింగ్ నొక్కుతూ కావాలనే సగంలో ఆపేశాను. పైకి తేడా తెలీదు. రేపు పొద్దున్నే పొలంలో దింపుతారట. థాంక్స్ అమ్మా అని వెళ్లిపోయారు.

సాయంత్రం

ఆయిల్ కారుతుందనే ఆలోచించాను. కారితే ఆయనేం చేస్తారో ఆలోచించలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచే, ఎక్కడ కారుతోందో ఉత్త చేత్తో తడిమి చూస్తారు. డ్రైవర్లందరికీ అదే అలవాటు. ఆ ప్రెషర్‌కి సన్నగా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది. వేళ్లు తీసేయాల్సొచ్చిన వాళ్లున్నారు. ఆరోన్ గారి ఫోన్ స్విచ్చాఫ్. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

నవంబర్ 16

ఫస్ట్ బస్సుకే వెళ్లాను. సంచిలో కొత్త గొట్టం, స్పానర్లు. జంక్షన్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని, వాళ్లనీ వీళ్లనీ అడుక్కుంటూ వెళ్లేసరికి ఇంజన్ నడుస్తోంది. గట్టు మీద పరిగెత్తుతూ ఆపమని అరిచాను. ఆయన చెయ్యి అప్పుడే గొట్టం మీదికి వెళ్తోంది.

ఆపేశారు. నేనే విప్పి మార్చాను. ఎందుకొచ్చావమ్మా అంటే, సరిగ్గా నొక్కలేదేమోనని అనుమానం వచ్చిందన్నాను. కావాలనే చేశానని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన తిట్టి ఉంటే బావుండేది. బురద కాళ్లతో ఉన్న నన్ను ఫొటో తీసుకున్నారు.

నవంబర్ 18

ఆ ఫొటో మిషన్ల వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. అనుమానం వస్తే పొలానికే వచ్చి మార్చే షాపట. గుడివాడ నించీ, నూజివీడు నించీ ఫోన్లు. అమ్మాయిగారే చెయ్యాలంటున్నారు.

ఇక తట్టుకోలేక నాన్నకి అంతా చెప్పేశాను. కావాలనే చేశానని, ఎందుకు చేశానో కూడా. తిడతారు, పొమ్మంటారు అనుకున్నాను. పొమ్మంటే బావుండుననీ అనుకున్నాను.

"చేసి కూడా ఉండలేక పరిగెత్తావు చూడు, అలాంటి మనిషేనమ్మా ఈ షాపుకి కావాల్సింది" అన్నారు.

నవంబర్ 26

పుణెకి ఇంకా జవాబు రాయలేదు.

డిసెంబర్ 1

కొత్త బోర్డు ఎక్కించారు. సంయుక్త హైడ్రాలిక్స్. నా పేరే.

నిచ్చెన కదలకుండా పట్టుకున్నదీ నేనే.