పదకొండు ఆదివారాల రీడింగులు

హనుమకొండ,
మంగళవారం.

అవ్వా,

నువ్వు పోయి పది నెలలైంది. ఇన్నాళ్లూ రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, శుక్రవారం లోగా, నా పరిశోధన చూసే మా సార్‌కు ఒక సంగతి చెప్పాలి. అది నాకు తెలియదు. నీ ఒక్కదానికే తెలుసు. మన ఇంట్లో బడికి పోయింది నీ కూతుర్ని నేనొక్కదాన్నే... ఈ ఉత్తరం నీకు ఎవరు చదివి వినిపిస్తారో మరి.

అన్న బాగానే ఉన్నాడు. కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోస్తూనే ఉన్నాడు. నేను వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు. వదిన దాన్ని తప్పుగా అనుకుంటున్నట్టుంది. నువ్వూ అనుకుంటున్నావా?

నిరుడు ఎండాకాలం నీకు గుర్తుందా? ల్యాబులో కొలిచే పెట్టె మామూలు రోజుల్లో నాకు పొద్దున ఒక గంటే దొరికేది. ఆదివారం రోజంతా నాదే. కాని సెలవు రోజున ఆడపిల్ల ఒక్కతే ల్యాబులో ఉండకూడదన్నారు. అందుకని నువ్వు శనివారం కూలి పని ముగించుకుని, ధర్మసాగర్ నుంచి బస్సెక్కి నా గదికి వచ్చేదానివి. మర్నాడు ల్యాబు లోపల గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేదానివి. అట్లా పదకొండు ఆదివారాలు.

మొదటి రోజు నేను పొడిని అదిమి చేసిన తెల్ల బిళ్లను చూసి నవ్వావు. "గోలీ లెక్కున్నది. గిది మింగితే ఏ రోగం తగ్గుతదే?" అన్నావు. నేను పెట్టె మీది మీటరు ముల్లు వైపే చూస్తుంటే, "పెండ్లి సూపులల్ల గిట్ల కండ్లార్పక సూడకు, పిలగాడు జడుసుకుంటడు" అన్నావు. ఆ తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగావు... "అండ్ల ఏం నడుస్తాందే?"

ప్రోటాన్ అంటే ఏమిటో చెప్పడానికి తంటాలు పడ్డాను. హైడ్రోజన్ తన దగ్గరున్న ఒక్క ఎలక్ట్రాన్‌నూ పోగొట్టుకుంటే మిగిలేదన్నాను. బిళ్ల గట్టిదే అయినా దాని లోపల నీటి అణువులు ఇరుక్కుని ఉంటాయి. ఒక అణువు తన దగ్గరున్న ప్రోటాన్‌ను పక్కదానికి ఇస్తుంది, అది ఇంకోదానికి... ఈ చివర ఒకటి చేరితే ఆ చివర మరొకటి బయటపడుతుంది. ఏ ఒక్కటీ ఈ కొస నుంచి ఆ కొసకు నడవదు అన్నాను.

"గంతేనా? స్లాబు కాడ మేం తట్టలు అందిచ్చుకున్నట్టు. మనిషి జరగదు, మాలు జరుగుతది."

మళ్లీ నువ్వే అన్నావు. "అందిచ్చినంక మల్ల ఎనుకకు మర్లాలె గదనే. మర్లకపోతే ఇంకో తట్ట ఎట్ల అందుకుంటది? నడుములు పోయేది గా మర్లుడు కాడనే."

రెండు వారాల తర్వాత సార్ సెమినార్‌లో అదే అడిగారు. ప్రోటాన్‌ను ఇచ్చేసిన నీటి అణువు, ఇంకోదాన్ని అందుకోవాలంటే ఏం చేయాలి? నేను లేచి, వెనక్కి తిరగాలి అన్నాను. ఎలా తెలుసన్నారు. పుస్తకంలో చదివానన్నాను.

నీ పేరు చెప్పలేదు.

బిళ్లలో ప్రోటాన్లు ఎంత సులువుగా దాటుతున్నాయో చూపే రీడింగులు ఆదివారం దాదాపు ప్రతిసారీ ఎక్కువ వచ్చేవి. ఆదివారం బిళ్లలు శనివారమే చేసి ఉంచినవి, మిగతావి ఏ రోజుకారోజు చేసినవి. ఒక రోజు ఆరనిస్తే లోపలి రేణువులు బాగా కుదురుకుంటాయని, దారి సాఫీ అవుతుందని అనుకున్నాను. నువ్వు దవాఖానలో మూడు రోజుల జ్వరంతో పోయాక, పదమూడో రోజుకల్లా నేను మళ్లీ ల్యాబులో ఉన్నాను. వానాకాలమంతా కూర్చుని అదే నా థీసిస్‌లో మూడో అధ్యాయంగా రాశాను. సార్ మెచ్చుకున్నారు.

టైపిస్టుకు ఇచ్చే ముందు ఇంకోసారి కొలవమన్నారు. కిందటి నెల కొలిచాను. ఆరనిచ్చిన బిళ్లకూ అప్పుడే చేసినదానికీ తేడా లేదు. నాలుగుసార్లు చేశాను. లేదు. పెట్టె విప్పి చూస్తే, బయటి గాలి లోపలికి పోకుండా వేసిన రబ్బరు రింగు ఎండిపోయి పగిలి ఉంది.

అప్పుడు, నిరుడు ఆదివారాల్లో నువ్వన్న మాట చెవిలో వినిపించింది. "నేలకు జర నీళ్లు సల్లిన బిడ్డా. కాళ్లు కాలుతున్నయ్. నువ్వు లేవకు, నీ పని జూస్కో."

నువ్వు ఆ మాటన్నప్పుడు నేను తల ఎత్తలేదు. కాళ్లు మాత్రం పైకి పెట్టుకున్నాను.

మొన్న నేనే బకెట్‌తో నీళ్లు తెచ్చి నేల తడిపాను. నీలాగే కిటికీకి తడి గోనెసంచి కట్టాను. గంటలో రీడింగు పెరిగింది. ఇంకా చల్లితే ఇంకా పెరిగింది. రాసుకున్నాను.

నీ నీళ్ల తేమ ఆ పగుల్లోంచి పోయి రేణువుల మీద పలుచని పొరలా పట్టిందన్నమాట. ప్రోటాన్లు ఆ తడి మీదుగా చేతులు మారాయి. బయటి దేశాల్లో తయారుచేసే ప్లాస్టిక్ పొరల్లోనూ ఇంతేనట, తడి ఉన్నంతసేపే దాటుతాయట.

సార్‌కు అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఏ ఆదివారం ఎన్ని నీళ్లు, ఏ వేళకు చల్లారో రాయగలిగితే ఆ రీడింగులు ఉంచవచ్చు, అసలు కారణం చెప్పి అధ్యాయం మార్చుకోవచ్చు అన్నారు. లేకపోతే పదకొండూ కొట్టెయ్యాలి, మళ్లీ ఒక ఎండాకాలం కొలవాలి. నా ఉపకారవేతనం జూన్‌తో ఆగిపోతుంది. ఆపైన ఎట్లాగో నాకు తెలియదు. ఒకవేళ కొలిచినా, అవి నేను చల్లిన నీళ్లవే అవుతాయి కదా...

నా నోట్‌బుక్‌లో అన్నీ ఉన్నాయి. వేళ, వేడి, బిళ్ల మందం. నువ్వు ఆ గదిలో ఉన్నట్టు మాత్రం ఎక్కడా లేదు.

ఎన్ని బకెట్లు చల్లేదానివి? నేను మొదలుపెట్టక ముందా, తర్వాతా? ఏడో ఆదివారం రీడింగు పడిపోయింది. ఆ రోజు చల్లలేదా? నడుము నొప్పితో లేవలేకపోయావా? నేను అడిగినట్టు గుర్తులేదు.

చివరి ఆదివారానిది అన్నిటికంటే ఎక్కువ. గ్రాఫులో పైన ఉన్న చుక్క అదే. దాన్ని చూసి ఎంత సంతోషపడ్డానో నువ్వూ చూశావు. రెండు రోజులకు నిన్ను దవాఖానలో చేర్చాం... అవ్వా, ఆ ఆదివారం నాటికే నీకు జ్వరం ఉందా? ఒళ్లు కాలుతుంటే ఓర్చుకోలేక అన్ని నీళ్లు చల్లావా?

సార్ శుక్రవారం నాలుగున్నరకు గదికి తాళం వేస్తారు. మిగతా పదీ గుర్తు లేకపోయినా ఏమీ కాదు, కొట్టేస్తాను. ఆ ఒక్క ఆదివారం సంగతి శుక్రవారం నాలుగు లోపల చెప్పు.

నీ బిడ్డ,
స్వరూప