అడగాల్సింది నిన్ను

సుగుణా,

ఎట్లా ఉన్నావని అడగను. నువ్వు వెళ్లి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నీ పేరు పెట్టి మందిరంలో ఎన్నో మాటలు చెప్పాను గాని, నీతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇవాళ అలసిపోయాను. ప్రసంగం చేసే ఓపిక లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాయగలనేమో అనుకుంటున్నాను.

వడమాలపేటలో ఎండలు ముదిరాయి. మన రేకుల మందిరంలో పది దాటితే కూర్చోలేకపోతున్నారు. అంగట్లో మోటార్లు చుట్టే పని మాత్రం తగ్గలేదు. బోర్లు ఆపకుండా ఆడిస్తారు, కాయిళ్లు కాలిపోతాయి, నా దగ్గరికి మోసుకొస్తారు. తీగ చుడుతూ చుడుతూ ఎన్ని చుట్లు వేశానో మరిచిపోతున్నాను. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెడుతున్నాను. ముప్పయ్యేళ్ల పనివాణ్ణి... నాకెందుకిట్లా అవుతోంది?

నా ప్రార్థన వినలేక నువ్వనే మాట ఈ మధ్య తరచూ గుర్తొస్తోంది. "దేవునికి చెవుడు లేదయ్యా. మెల్లగా అడుగు. పక్కింటి బిడ్డ లేసి ఏడుస్తా ఉండాది."

సరే. రాయాల్సింది ఆ ఇంటి గురించి. నీ ఆఖరి రోజులు గడిచిన ఇంటి గురించి.

పెద్దాసుపత్రి వాళ్లు నీ కడుపులో గడ్డకు ఇక మందు లేదని చెప్పి, తిరుపతి శివారులో ఉన్న ఆ ఇంటికి చీటీ రాసి పంపారు. పన్నెండు మంచాలు. ఇక్కడ నయం చేయం, నొప్పి లేకుండా చూసుకుంటాం అని నర్సు రాజేశ్వరి మొదటి రోజే చెప్పింది. ఆ మాటకే నాకు మండింది. నాలుగు రోజుల శవాన్ని సమాధిలోంచి పిలిచిన ప్రభువు ఉండగా, నయం కాదని చెప్పడానికి ఈమె ఎవరు అనుకున్నాను. ఆమె నుదుటి కుంకుమ కూడా చూశాను. చూడలేదని నీకు అబద్ధం చెప్పలేను.

నువ్వు పోయాక రెండో నెలలో వాళ్ల దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. మా సేవ ఎట్లా ఉంది, దాచకుండా రాయండి అని పద్నాలుగు ప్రశ్నలు. అంగట్లోనే కూర్చొని రాశాను. ఫ్యాను కిరకిరమంటుందని రాశాను. అన్నం మరీ మెత్తగా వండుతారని, గోడ మీద ఒక్క వాక్యం లేదని, సాయంత్రం ఆరు కాగానే చూడవచ్చినవాళ్లను పంపించేస్తారని, గట్టిగా ప్రార్థన చేస్తే వద్దన్నారని... చోటు చాలక ఇంకో కాగితం జత చేశాను. ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. రోగి నొప్పి తగ్గించడంలో మా పని ఎట్లా ఉంది అన్న ప్రశ్నకు.

వారానికి రాజేశ్వరి ఫోన్ చేసింది. ఫ్యాను బాగు చేయించామంది. అన్నం సంగతి వంటామెకు చెప్పామంది. ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశారు సార్ అని మెత్తగా అడిగింది. సిగ్నల్ లేదమ్మా అని పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది, సుగుణా.

పాత మోటారు కొనడానికి వచ్చినవాడికి నేనేం చెబుతాను? రంగు చూడొద్దు, తిప్పి చెవి పెట్టి విను, చెయ్యి పెట్టి వేడి చూడు అంటాను కదా. అట్లాంటి నేను ఆ ఇంటి రంగు చూసి తప్పులు రాసి పంపాను.

అంతకంటే పెద్ద తప్పు దానికి ముందే చేశాను. నీ జ్ఞాపకార్థ కూడికలో. మైకు పట్టుకొని, మా సుగుణమ్మ పాడుకుంటూ పోవాల్సిన మనిషి, మత్తు పోసి పంపించారు అని అరిచాను. మీ వాళ్లను అట్లాంటి చోటికి తీసుకుపోవద్దన్నాను. సిలువ దగ్గర సైనికులు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు ముట్టలేదని, నొప్పి తెలియకుండా చేసే పానీయం విశ్వాసికి తగదని చెప్పాను. జనం ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది ఎస్తేరమ్మ. మామిడికాయల లారీలకు లోడెత్తే మన దేవదానం భార్య.

జరిగింది నీకు తెలుసు. నాకు తెలుసు. రాజేశ్వరికి తెలుసు.

నిన్ను చేర్చిన సాయంత్రమే ఆమె చిన్న సీసా తెచ్చింది. మార్ఫిన్ అంది. నాలుగు గంటలకోసారి కొలిచి నోట్లో వేస్తామంది. బలమైన మందు కాబట్టి తాళం వేసిన బీరువాలో ఉంటుంది, ఇంటివాళ్లు సరేనంటేనే మొదలుపెడతామంది. నేను గ్రంథం తెరిచాను. అదే బోళం కలిపిన ద్రాక్షారసం. ప్రభువు వద్దన్నది నా భార్యకు పోయిస్తానా అన్నాను. ఆమె వాదించలేదు. మనసు మారితే గంట నొక్కండి సార్, ఎప్పుడైనా సరే అంది. గంట నీ మంచానికే ఉంది. నేను కూర్చున్న వైపు...

రోజూ వచ్చి అడిగింది. రోజూ వద్దన్నాను. నువ్వు దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేదానివి. నేను కీర్తనలు చదివేవాణ్ణి. నువ్వు గోడవైపు తిరిగితే ధ్యానంలో ఉన్నావనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అట్లా అనుకుంటే నాకు సులువని అనుకున్నానా?

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నా చొక్కా పట్టుకొని దగ్గరికి లాగావు. నీ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"ఏమయ్యా, యేసయ్య ఒక్క దినమే వేలాడినాడు. నాకిది తొమ్మిదో దినం. ఆయన లోకం కోసరం పడినాడు. నేనెవరి కోసరం పడాల? నీ కోసరమా?"

ముప్పయ్యేళ్లుగా వాక్యం చెబుతున్నవాణ్ణి. ఎదురు ప్రశ్న వేసినవాళ్లను ఎందరినో నోరు మూయించినవాణ్ణి. గంట నొక్కాను.

ఆ తర్వాత మూడు రోజులు. ఆ మూడు రోజుల గురించి నేను మందిరంలో ఒక్క మాటా చెప్పలేదు.

మందు వేసిన మొదటి పూట నిద్రపోయావు. ఎన్నాళ్ల నిద్రో అది. లేచాక మత్తుగా లేవు. చారన్నం అడిగావు, రెండు ముద్దలు తిన్నావు. నన్ను తల దువ్వమన్నావు. నాకు చేతకాక చిక్కు తీస్తుంటే నా మొహంలోకి చూసి, "ఎన్నాళ్లకు నిన్ను నెమ్మదిగా సూస్తా ఉండా. ముసలోడివైపోయినావే, ఎవరూ చెప్పలేదా?" అన్నావు. రాజేశ్వరి కూడా నవ్వింది.

ఆమె నిన్ను ముట్టుకునే ముందు తన చేతులు రుద్దుకొని వెచ్చ చేసుకునేది. నువ్వు నిద్రలో ఉన్నా, అమ్మా పక్కకు తిప్పుతున్నా, అమ్మా పెదాలు తడుపుతున్నా అని చెప్పి మరీ చేసేది. విననివాళ్లకు ఎందుకు చెబుతుందో అనుకున్నాను అప్పుడు. మూడో రోజు పొద్దున నా చెయ్యి నీ చేతిలో ఉండగానే పోయావు. మొహంలో ముడత లేదు.

ఇదంతా దాచి, మత్తు పోసి పంపారని చెప్పాను. ఎందుకు? మూడు రోజుల సంగతి చెబితే, దాని ముందు తొమ్మిది రోజుల సంగతి అడుగుతారు కదా...

ఇక దేవదానం మాట. వాడికి నాలుక మీద పుండు ముదిరింది. ఇప్పుడు మాట లేదు. ఆసుపత్రి వాళ్లు అదే ఇంటికి చీటీ రాసిచ్చారు. ఎస్తేరమ్మ ఆ చీటీని మడిచి పెట్టెలో పెట్టింది. పోయిన నెల ప్రార్థనకు పిలిస్తే వెళ్లాను. దేవదానం మంచం పట్టెను రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తిన చేతులవి. ఎస్తేరమ్మ నాతో గొప్పగా చెప్పింది. మీరు చెప్పినట్టే చేస్తా ఉండామయ్యా, మందు వద్దన్నాము, ప్రభువు కూడా ముట్టలేదు కదా అని. నా ప్రసంగం నాకే అప్పజెప్పింది. ఒక్క ముక్క తప్పు పోలేదు.

దేవదానం నావైపు చూశాడు. నువ్వు చొక్కా పట్టుకొని లాగినప్పటి చూపే.

ప్రార్థన మొదలుపెట్టాను. నాలుగు మాటలకే ఆపేశాను. పరిశుద్ధాత్మ తాకిందనుకొని ఎస్తేరమ్మ ఏడ్చింది. నేనేం చెప్పాలి ఆమెకు? లేచి ఇంటికొచ్చేశాను. ఆ రోజు చెప్పి ఉంటే దేవదానానికి నాలుగు రోజులు మిగిలేవి. చెప్పలేదు. నాలుగు రోజులు నా పరువు కాపాడుకున్నాను.

ఆ నాలుగు రోజులూ గ్రంథం తిరగేశాను. ఎక్కడ చూసినా నా ఎర్ర గీతలే. గీత లేని చోటు వెతికాను. ఒక రాజుకు తల్లి చేసిన బోధ ఒకటుంది, ప్రాణం పోతున్నవాడికి మత్తు ఇమ్మని, బాధ మరిచిపోనిమ్మని. ఎన్నిసార్లు దాటిపోయానో, ఒక్క గీతా లేదు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని సమరయుడు పూటకూళ్ల ఇంట్లో చేర్చిన కథ వందసార్లు చెప్పి ఉంటాను. సమరయుడి జాలి గురించి గొంతు చించుకున్నాను. ఆయన మరునాడు వెళ్లిపోయాడు కదా... ఆ తర్వాత గాయాలు కడిగింది, గంజి తాగించింది ఎవరు? ఆ పూటకూళ్లవాడి గురించి ఒక్క ఆదివారం కూడా మాట్లాడలేదు.

ఆదివారం మైకు ఆన్ చేయలేదు. ఉత్త గొంతుతో చెప్పాను. తొమ్మిది రోజులు మందు ఆపింది ఆ ఇల్లు కాదు, నేను అని. మందు వేశాక సుగుణ తిన్నది, నవ్వింది, నన్ను వెక్కిరించింది అని. మీ ముందు అబద్ధమాడాను అని. నువ్వు నన్నడిగిన ప్రశ్న కూడా చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. రెండు కుటుంబాలు మధ్యలోనే లేచి వెళ్లాయి. మన పెద్ద సాలోమోను, సంఘం ముందు అనాల్సిన మాటలా ఇవి అని నన్ను పక్కకు పిలిచి కోప్పడ్డాడు. ఎస్తేరమ్మ తల ఎత్తలేదు. కూడిక అయ్యాక నాతో మాట్లాడకుండానే వెళ్లింది.

సాయంత్రం వచ్చింది. తిడుతుందనుకున్నాను. గుమ్మంలో నిలబడే అడిగింది, ఆ ఇల్లు మంచిదో కాదో నేనెట్లా తెలుసుకోవాలి, మీ మాట మీద రెండోసారి ఎట్లా పోవాలి అని. న్యాయమే కదా.

నా మాట మీద పోవద్దన్నాను. చెప్పకుండా, అన్నాల వేళకు పోయి చూడు అన్నాను. ఎవరూ చూడటానికి రాని మనిషి మంచం ఒకటి ఉంటుంది, దాని దగ్గర నిలబడు, పెదాలు తడిగా ఉన్నాయా, పక్క పొడిగా ఉందా చూడు. గంట నొక్కితే ఎంతసేపటికి వస్తారో చూడు. ఆదివారం నొప్పి పెరిగితే ఏం చేస్తారని అడుగు అన్నాను. నీకు మందు మొదలైన మర్నాడు ఆదివారం. బీరువా తాళం ఉన్న నర్సు రావడానికి గంట పట్టింది, గుర్తుందా? అది వాళ్ల తప్పే. ఆ కాగితంలో నేను రాయాల్సిన తప్పు అదొక్కటే. రాయలేదు. గంట ఆలస్యమని రాస్తే, తొమ్మిది రోజుల ఆలస్యం ఎవరిదని అడుగుతారని భయం.

ఎస్తేరమ్మ మంగళవారం పోయి చూసొచ్చింది. మూల మంచం మీద ఒక ముసలామెకు అక్కడ పనిచేసే ఆయమ్మ అన్నం పెడుతూ ఉందట. మజ్జిగ పుల్లగా ఉండాదని ముసలామె తిడుతూ ఉందట. ఆయమ్మ ఎదురు చెప్పకుండా వేరే మజ్జిగ తెచ్చిందట. పడుకున్న మనిషికి తిట్టే ధైర్యం ఉంటే ఆడ భయం లేదనే కదయ్యా అంది ఎస్తేరమ్మ. పద్నాలుగు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు, సుగుణా.

బుధవారం ఆటోలో తీసుకుపోయాం. రోడ్డు గుంటల్లో ఆటో ఎగిరినప్పుడల్లా దేవదానం నా తొడ మీద గోళ్లు దించాడు. దించనిచ్చాను.

రాజేశ్వరి నన్ను చూసింది. ఫోన్ ఆ రోజు ఎందుకు పెట్టేశానో చెప్పాను. మీ మందు మా ఆమెకు మూడు మంచి రోజులిచ్చిందమ్మా, ఆ ప్రశ్నకు ఇదే నా జవాబు అన్నాను. తల ఊపింది. తర్వాత సమ్మతి కాగితం తీసి ఎస్తేరమ్మ చేతిలో పెట్టబోయింది. ఎస్తేరమ్మ నావైపు తిరిగింది, ఏం చెప్పమంటారయ్యా అన్నట్టు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఇంట్లో నిజంగా లోపించింది ఏమిటో. తొమ్మిది రోజులు రాజేశ్వరి నన్నడిగింది. నిన్నడగలేదు. నీకు నోరుంది, తెలివుంది. నొప్పి నీది. నేను మగణ్ణని, వాక్యం చెప్పేవాణ్ణని నన్నే అడిగింది. నేనూ నిన్నడగలేదు. ముప్పయ్యేళ్లలో ఏ సంగతైనా నిన్నడిగానా?

అమ్మా, ఆయన్ను అడగండి అన్నాను.

రాజేశ్వరి చెయ్యి ఆగింది. నా మొహం చూసింది. అర్థమైందనుకుంటాను. కాగితం జేబులో పెట్టుకొని, మంచం పక్కన కింద మోకాళ్ల మీద కూర్చుంది. దేవదానం కళ్లకు ఎదురుగా మొహం పెట్టి, ఇది నొప్పికి మందు, మొదట రెండు రోజులు నిద్ర ఎక్కువ రావచ్చు, వద్దంటే ఆపేస్తాం, కావాలా అని నిదానంగా అడిగింది. ఎస్తేరమ్మ ఏదో చెప్పబోతే చేత్తో ఆపింది.

దేవదానం తల ఊపలేదు. ఆ పుండు నోరు మెల్లగా తెరిచాడు.

రోజూ పోతున్నాను, సుగుణా. ప్రార్థన చెయ్యనా అని ముందు వాణ్ణి అడుగుతున్నాను. నిన్న వద్దని చెయ్యి ఊపాడు. ఊరికే కూర్చున్నాను. రేపూ పోతాను, రేపూ అడుగుతాను. వాడు వద్దంటే వినడం నేర్చుకుంటాను.

నన్ను క్షమించమని అడగడానికే ఇదంతా రాశాను. జవాబు నీ ఇష్టం.

నీ
ప్రకాశం