వంతెన మీంచి కనిపించే సగం

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా’ అని పెట్టేస్తున్నారు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేరుగా, అందుకే రాస్తున్నాను.

మన ఊరిని ఎండ నుంచి కాపాడే ప్రణాళిక రాయడానికి మున్సిపాలిటీ మిమ్మల్ని రాజధానికి పంపింది. అక్కడ హాల్లో ఏసీ ఎక్కువై శాలువా కప్పుకుంటున్నారట. అయ్యో పాపం! నేనిక్కడ ఏడో నెల కడుపుతో రేకుల కింద జాకెట్లు కుడుతున్నాను. మిషన్ చక్రం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. పడకగదైతే పొయ్యే. “ఈ వేడి బిడ్డకు మంచిది కాదు, చల్లటి చోటు చూసుకో” అంది డాక్టరమ్మ. ఎక్కడ చూసుకోను, మీ ప్రణాళికలోనా?

మొన్న చైర్మన్ గారు పొగ తగ్గించాలని మన వీధిలో ఉపన్యాసం ఇచ్చారు. నాలుగు కార్లేసుకుని వచ్చారు. లోపల చల్లదనం పోతుందని ఇంజన్లు ఆపనివ్వలేదు.

ఉడుకుతూ,
మీ దర్జీ


ప్రియమైన దర్జీ దొరసానికి,

నీ వెటకారం అందింది. ఇక తీపి కబురు విను. రేకుల కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేయించే పని ప్రణాళికలో పెట్టించాను. మన వీధి కూడా ఉంది! పై ఆఫీసు బృందం వచ్చి మన వీధి పక్కనున్న వంతెన మీద నిలబడి చూస్తుంది. నచ్చితే ఊరంతటికీ వేయిస్తారు. అందుకని మా ఇంజనీరు గారు వంతెన మీంచి తీసిన ఫొటో ఇచ్చి, రంగు ఎంతవరకు వెయ్యాలో నా చేత గీయించారు. బుర్రలేని వాళ్ల మధ్య పడ్డాను, నిజమే. కానీ మన గది చల్లబడుతుంది, అది చూడు.

ఆ రోజు నేనూ వంతెన మీదే ఉంటాను. బయటికొచ్చి చెయ్యి ఊపు.

ఈ హాల్లో ఉన్న ఒకే ఒక్క తెలివైనవాడు,
నీ మొగుడు


ఒకే ఒక్క తెలివైన శ్రీవారికి,

రంగువాళ్లు వచ్చారు. ముందుగది రేకులకు శుభ్రంగా వేశారు. పడకగది దగ్గరికి రాగానే సుద్దముక్కతో గీత కొట్టి డబ్బాలు సర్దేశారు. ఇదేమిటయ్యా అంటే, “అవతలిది వంతెన మీంచి కనపడదమ్మా” అని మేస్త్రీ ఫొటో చూపించాడు. దాని మీది గీత మీదే. మీరు గీసే ప్రతి గీతా చివర కొక్కెంలా వంగుతుంది. నాకు తెలియదా?

వీధంతా ఇదే వరస. ముందుగదులు తెల్లగా, మనుషులు పడుకునే వెనకగదులు ఎప్పటిలాగే. సూర్యుడు కూడా వంతెన మీద నిలబడే చూస్తాడనుకున్నారా? సొంత ఇంటి కప్పు గుర్తుపట్టలేని మనిషిని కట్టుకున్నాను. ముందుగదిలో పడుకుందామంటే మిషన్లు, బట్టల మూటలు, కుట్టేవాళ్లు.

నిన్న కళ్లు తిరిగి పడ్డాను. బిడ్డకేం కాలేదు. కంగారు పడకండి, మీటింగ్ పాడవుతుంది.

సగం చల్లగా,
మీ దర్జీ


ప్రియమైన నీకు,

ఆ ఫొటోలో కప్పులన్నీ ఒకలాగే ఉన్నాయి. మనదని చూసుకోలేదు. ఇంజనీరు గారిని అడిగితే “కనపడని చోట వేసి ఏం లాభం?” అన్నారు. ఎదురు చెబితే నన్ను తప్పించి ఇంకొకణ్ణి పెడతారు. బృందం ఆదివారం వస్తోంది. అంతదాకా ఓపిక పట్టు. గొడవ మాత్రం చెయ్యకు, నీకు పుణ్యముంటుంది. నవ్వుతూ చెయ్యి ఊపు, చాలు.

తల దించుకుని,
నీ మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

ఆదివారం వంతెన మీద మిమ్మల్ని చూశాను. అంత దగ్గరికి వచ్చి కూడా గుమ్మం తొక్కలేదు. బృందంతో పాటే కారెక్కేశారు.

చెయ్యి ఊపలేకపోయాను, ఖాళీ లేదు. ఆ రోజే మా వీధి ఆడవాళ్లందరికీ బొంతలు ఆరేసే పని పడింది. నల్లవి, ముదురు నీలంవి, ఇంట్లో ఉన్నవన్నీ తెల్లరేకుల మీద పరిచారు. నేను కింద నుంచి అందించాను. వంతెన మీంచి తెలుపన్నది ఒక్క చుక్క కనపడి ఉంటే చెప్పండి.

చైర్మన్ గారు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చారు. “తియ్యండమ్మా, పరువు పోతోంది!” “ఇంకా ఆరలేదండీ, కావాలంటే ఎక్కి చూసుకోండి” అన్నాను. వెనకే వచ్చిన బృందం పెద్దావిడ నిజంగానే నిచ్చెన ఎక్కింది. బొంత ఎత్తి తెలుపు చూసింది. గీత చూసింది. గీత అవతల రేకు మీద చెయ్యి పెట్టి గబుక్కున లాక్కుంది.

“ఈ గీత ఎవరు గీశారు?” అంది.

చైర్మన్ గారు ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు నేల వైపు చూశాడు. మీరు ఫైలు పట్టుకుని వంతెన మీదే ఉండిపోయారు.

“అదిగో, ఆ గళ్ల చొక్కా ఆయన” అన్నాను. “మా ఆయనే.”

రేపటి నుంచి అందరి వెనకగదులకూ రంగు వేస్తారట. మన ఇంటికి మాత్రం వద్దన్నాను. ఆ సగం మీరొచ్చి వేస్తారని ఆవిడకు మాటిచ్చాను. డబ్బా, బ్రష్షు గుమ్మంలో పెట్టించాను. శుక్రవారానికల్లా రండి.

శాలువా తెచ్చుకోకండి.

ఎదురుచూస్తూ,
మీ దర్జీ