గాలి ఉందనుకున్న గ్రహం

12 జూన్ 2025, కోరుట్ల
సెలవుకి ఇంటికొచ్చాను. బస్సు దిగానో లేదో ఆటో అతను అడిగాడు, మీ గ్రహం ఎట్లున్నదని. అంతా నాన్న పని. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే ఒక గ్రహం మీద గాలి ఉన్నట్టుంది అని నెల కింద ఫోన్‌లో చెప్పాను. ఆ "ఉన్నట్టు" దారిలో ఎక్కడో రాలిపోయింది. మస్కట్‌లో ఇరవై ఏళ్లు క్రేన్ నడిపి వచ్చిన మనిషి, ఇప్పుడు చేన్లో పసుపు పెడుతూ కూడా కూలీలకి గ్రహం ముచ్చటే చెబుతున్నాడట. ఇరవై రెండున, ఆదివారం, నేను చదివిన బడిలో నాకు సన్మానం.

15 జూన్
పోయి చూడకుండ వేడి ఎట్ల తెలుస్తదే అని అమ్మ అడిగింది. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లగానే మనకి అందే మొత్తం వేడి కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గినదే గ్రహానిది అని చెప్పాను. గాలి ఉంటే పగటి వేడిని రాత్రి వైపుకి మోసుకుపోతుంది, పగలు కాస్త చల్లబడుతుంది. గాలి లేని వట్టి రాయైతే రెండు వందల నలభై దాకా ఉండాలి, మాకు నూట యాభై డిగ్రీలే వచ్చింది. అందుకే ఆశ.
"నూట యాభై అంటె సల్లగనా?" అంది అమ్మ.

19 జూన్
టెలిస్కోప్ రెండోసారి చూసిన డేటా వచ్చింది. రెండు వందల నలభై. మొదటిసారి, వేడిని పట్టే డిటెక్టర్ కుదురుకోకముందే కొలిచాం. సరిచేసి రెండూ కలిపితే, వట్టి రాయి.
ఏడుపు రాలేదు. గ్రాఫ్ ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. ఇదీ రిజల్టే, రాసెయ్ అంది ఫోన్‌లో నా రీసెర్చ్ గైడ్ సంధ్య మేడం.

20 జూన్
నాన్నకి చెప్పాను. ఆదివారం దాటినంక చెప్తె ఏమైతది బిడ్డా అన్నాడు.

21 జూన్
దాటనివ్వను.

22 జూన్, సాయంత్రం
మైక్ ఇవ్వగానే చెప్పేశాను. గాలి లేదు అని. హెడ్‌మాస్టర్ మాధవి మేడం చేతిలో శాలువా అలాగే ఆగిపోయింది. వెనక ఎవరో, మరి సన్మానం దేనికి అన్నారు.
అప్పుడు ఒక ఎనిమిదో తరగతి పిల్ల లేచి, ఉన్న గాలి ఎటు పోయిందని అడిగింది. నక్షత్రం ఊడ్చేసి ఉండొచ్చు, అసలే లేకపోయి ఉండొచ్చు, నాకూ తెలీదు అన్నాను. ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి. చివరి వరుసలో నాన్న లేచాడు.
"గాలి లేదన్నది పక్కానా, మల్ల మారుతదా?"
పల్చగా ఉంటే ఉండొచ్చు, దట్టమైన గాలి మాత్రం లేదు అన్నాను.
"గట్ల సక్కగ చెప్పు మరి" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వు. శాలువా కప్పారు. బండి మీద వస్తుంటే వాన. ఇద్దరం తడిశాం. దారంతా నాన్న ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు.

23 జూన్
పేపర్లో పడింది. "కోరుట్ల బిడ్డ గ్రహంపై గాలి ఉంది." నాన్న పెన్నుతో "ఉంది" కొట్టేసి "లేదు" అని రాశాడు. కాసేపు ఆలోచించి, "గాలి"కి ముందు "దట్టమైన" అని ఇరికించాడు. గోడకి అంటించాడు.