నమూనా ముక్క

అక్టోబర్ 24

లోర్న్ చేతుల్లో ఇక బలం లేదు. ఈసారి గంజాయి జిగురుతో చేసే హాష్ నేనే తీయాలి. కీమో తర్వాత పైపులో ఇంత వేసి పీలిస్తేనే అతని గొంతులోకి సూప్ దిగుతుంది. సెప్టెంబరులో అతను తీసిన బ్యాచ్ అయిపోయింది. శనగగింజంత ముక్క మాత్రం సీసాలో దాచాను, నా బ్యాచ్‌ని పోల్చి చూసుకోవడానికి.

నర్సు ఏడో తారీఖున వస్తుంది. బరువు ఇంకా తగ్గితే ఆసుపత్రికి తరలిస్తారట. అక్కడి పైకప్పు చూస్తూ ప్రాణం వదలడం తన వల్ల కాదు, ఇంట్లోనే ఉంచమన్నాడు లోర్న్. పెళ్లయ్యాక అతను నన్ను అడిగింది బహుశా ఇదొక్కటే.

పక్కింటి వెర్నా తన పెరటి గంజాయి పూలు ఇచ్చింది. బకెట్లో ఐసు, నీళ్లు, పూలు. చలికి పూల మీది జిగురు గింజలు రాలి అడుగున జల్లెడ సంచీలో చేరతాయి. లోర్న్ కాసేపు కలిపి ఆపేసేవాడు. మంచి సరుకు పారబోస్తున్నాడని నేనెప్పుడూ సణిగేదాన్ని. ఈరోజు భుజం పట్టేసేదాకా కలిపాను. అతని బ్యాచ్‌కి రెట్టింపు వచ్చింది!

రంగు కొంచెం ఆకుపచ్చ.

అక్టోబర్ 30

ఆరింది. మంట చూపించాను. లోర్న్ బ్యాచ్ కరిగి బుడగలు వచ్చేది. నాది మాడి బొగ్గయింది. అయినా పైపులో వేసిచ్చాను. దగ్గి దగ్గి, తాగిన నీళ్లు కూడా కక్కేశాడు.

"గడ్డి కోసుకొచ్చావా, టీచరమ్మా?" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

వెర్నా చూసి తల పట్టుకుంది. అంతసేపు కలిపితే ఆకు కూడా నలిగి సంచీలోకి దిగుతుందట. నేను కలిపానా, శిక్షించానా అని అడిగింది.

అక్టోబర్ 31

రెండో బ్యాచ్. ఇంకా కలపాలనిపిస్తుండగానే తెడ్డు పక్కన పెట్టేశాను. ఒక చెంచాడు వచ్చింది. తడి ఇసుక రంగు. గడ్డకట్టించి, కాగితం మీద తురిమి, ఫ్రిజ్‌లో పెట్టాను. వారం ఆరాలి. తడిది దాస్తే బూజు పడుతుంది.

లోర్న్ సీసాలోని ముక్క అడిగాడు. ఇవ్వలేదు. అది పోతే మంచిదంటే ఏమిటో నాకెలా తెలుస్తుంది? అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నవంబర్ 1

ఏమీ తినలేదు.

నవంబర్ 2, మధ్యాహ్నం

పొద్దుట్నుంచీ వాంతులే. ఇక కడుపులో ఏమీ లేదు, అయినా ఆగవు. బేసిన్ పట్టుకుని నేనూ ఏడ్చాను. సీసా మూత తీశాను.

అతను ముక్కను గోటితో రెండు చేశాడు. ఒకటి నావైపు జరిపాడు.

"పోలిక సీసాలో ఎందుకు? నీ ఒంట్లో పెట్టుకో."

ఇంటింటా గంజాయి పెరిగే ఈ లోయలో పుట్టి పెరిగాను. బళ్లో పిల్లల జేబులు వెతికి ఎన్ని పైపులు లాక్కున్నానో. ఒక్కసారీ నోట పెట్టలేదు. ఈరోజు పెట్టాను. అతను సగం గిన్నె సూప్ తాగాడు. మిగిలిన సగం నేను తాగేశాను, గిన్నె గీకి మరీ.

సీసా ఖాళీ.

నవంబర్ 6

రెండో బ్యాచ్ ఆరింది. బుడగలు వచ్చాయి. ముందు నేను పీల్చాను.

నాలుగు గుడ్లు వేయించాను. మూడు నేనే తిన్నాను. సీసాలో ముక్క పుట్టించిన ఆకలే ఇది. పైపు లోర్న్‌కి ఇచ్చాను. నాలుగోది ఎక్కడని అడుగుతున్నాడు.