సగం చదివి వినిపించిన వార్త

సావిత్రక్కా,

నేను, తమ్ముణ్ణి. నువ్వు పోయి ఏడు నెలలైంది. బావ పనికి పోతున్నాడు, రమ్య కాలేజీకి పోతున్నది. ఇద్దరూ వేళకు తింటున్నారో లేదో తెలియదు.

ఆదివారాలు నేను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వచ్చేవాణ్ణి కదా... నువ్వు బీడీలు చుడుతుంటే పేపర్ చదివి వినిపించేవాణ్ణి. గ్రీన్ టీలో ఉండే పదార్థాలు చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినకుండా కాపాడతాయని ఒక వారం చదివాను. నీ చేతులు ఆగిపోయాయి. అప్పటికే తెల్లమచ్చలు మణికట్టు దాటాయి. పెళ్లిళ్లలో నిన్ను వడ్డించనివ్వడం మానేశారు.

ఆ వార్త చివర ఇంకో ముక్క ఉంది. అదంతా ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూసింది, మనుషుల మీద కాదు అని. నీ ముఖం చూసి అది చదవలేదు.

టీ చేదుగా ఉందన్నావు. దాని సారం నింపిన గోలీలు తెచ్చింది నేనే. రోజుకొకటని డబ్బా మీద ఉంటే నువ్వు మూడు వేసుకునేదానివి. "చిన్నప్పటి సంది ఆకులల్లనే కూసున్న. ఆకు నన్నేం జేస్తది తమ్మీ? మీ బావకు జెప్పకు, నవ్వుతడు" అన్నావు. నేనూ నవ్వాను.

తర్వాత నీ కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని బావ పది రోజులు పసరు తాగించాడు. ఆసుపత్రిలో డాక్టర్ రెండుసార్లు అడిగాడు, ఇంకేమైనా మందులు వాడిందా అని. బావ పక్కనే ఉన్నాడు. ఏమీ లేవన్నాను.

ఎందుకన్నాను అక్కా?

నువ్వు పోయాక కామారెడ్డిలో వేరే డాక్టర్‌ను అడిగాను. అలాంటి గోలీలు ఎక్కువైతే కొందరికి కాలేయం పాడవుతుందట. నీకు అదే జరిగిందా అంటే, ఇప్పుడు చెప్పలేనన్నాడు. బావ మాత్రం పసరుతో తానే నిన్ను చంపుకున్నానని అనుకుంటున్నాడు. ఏడు నెలలుగా ఆ మాట వింటూ, పక్కన కూర్చుని తలవంచుకుంటున్నాను.

నిన్న రమ్య నా ఫోన్‌కు ఫొటో పంపింది. నీ పెట్టెలో దొరికిన ఆ గోలీల డబ్బా. "మామా, అమ్మ మచ్చలకు గివే వాడిందా? నాకు గూడ కంటి పక్కన ఒకటొచ్చింది. కామారెడ్డిల దొరికితే తే, నాన్నకు జెప్పకు" అని రాసింది.

వేసుకోవద్దని రాశాను. ఎందుకని అడిగింది.

రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. ముందు బావకు చెబుతాను, తర్వాత రమ్యకు. బావ కొట్టినా, మళ్లీ ఇంటికి రావద్దన్నా పడతాను. రమ్యను చర్మం డాక్టర్‌కు చూపించే బాధ్యత మాత్రం వదలను. ఆ డాక్టర్ ఏమడిగినా, ఉన్నదున్నట్టు చెబుతాను.

నీ తమ్ముడు,
శ్రీనివాస్