ఒక చుట్టు వెనక

మలావీ

అన్నా,

వందనాలు. ఇక్కడ అంతా క్షేమం, నా పిక్కలు తప్ప.

వాట్సాప్‌లో టైపు చేస్తే మన చర్చి సంఘంలో చదవడానికి బాగుండదన్నావు కదా, అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీ మనవరాలు నిస్సి ఫోనుకు పంపుతున్నాను. దవాఖానాలో పని బాగుంది. మెదక్‌లో నర్సుగా రిటైరైనదాన్ని, ఇక్కడ మళ్లీ కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. స్వచ్ఛందంగా వచ్చినదాన్ని కాబట్టి రెండో ఏడాది కూడా ఉండమని అడుగుతున్నారు. నన్ను పంపింది మన సంఘం. అందుకని సంఘం కమిటీకి పెద్దవు కాబట్టి నీ సంతకం కావాలట.

ఇంకో విశేషం. పొద్దున నేను నడిచే దారినే పిల్లలు బడికి పరుగెత్తుకుంటూ పోతారు. ఒకరోజు చిసోమో అనే పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగింది. నేనూ పరుగెత్తాను. ఇప్పుడు రోజూ బడి మొదలయ్యేలోపు వాళ్లతో మైదానం చుట్టూ పరుగే. రామాయంపేట బస్సు కోసం తప్ప జన్మలో ఉరకని మనిషిని. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నీ చెల్లెలు,
ఎలిశిబా

తా.క.: నా సైజు దొరక్క మగవాళ్ల బూట్లు కొన్నాను. ఇది మాత్రం సంఘంలో చదవకు.

*

మెదక్

చెల్లె ఎలిశిబాకు అన్న యాకోబు దీవెనలు, కోపంతో సహా.

ఆదివారం ఆరాధన అయ్యాక నీ ఉత్తరం చదివాను. 'ఇంకో విశేషం' అని నోరు జారాక పరుగు సంగతి చదవక తప్పలేదు. బూట్ల ముక్క మింగేశాను. మీ వదిన ప్రిస్కిల్లా అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. "గీ వయసుల ఉరుకుడేంది? పిల్లకు ఏదో అయ్యింది" అంది. అరవైకి దగ్గరపడ్డ ఆడమనిషి మెదక్ బజారులో ఉరికితే నలుగురూ ఆపి, ఎవరికి బాగలేదని అడుగుతారు. ఆ మాత్రం నీకు తెలియదా?

ప్రార్థన జాబితాలో నీ పేరు చేర్చారు. పక్షవాతం వచ్చిన లక్ష్మయ్యకూ, సంబంధం కుదరని డేనియల్‌కూ మధ్యలో ఉన్నావు. పరుగు మానినట్టు రాశాక సంతకం సంగతి చూద్దాం.

నీ మేలు కోరే,
యాకోబు

తా.క.: బడికి ఆలస్యమైతే పిల్లలు ఉరకాలి గాని నీకేం తొందర? ఆటో చేసుకో.

*

మలావీ

అన్నా,

వందనాలు, కానీ వంగి కాదు.

నా పేరు జాబితాలోంచి తీసేయించు. నా వాటా ప్రార్థన లక్ష్మయ్యకు చేయండి. నేను పరుగు మానను. నీ సంతకం కోసమైతే అసలే మానను. మాత్రలకు లొంగని బీపీ ఇప్పుడు దారికొచ్చింది. నేను ఎంత బాగున్నానో చూడమని ఫోటో పంపుతున్నాను.

మొండి చెల్లెలు,
ఎలిశిబా

తా.క.: అందరికన్నా ముందున్నది ఎవరో కమిటీకి చూపించు.

*

మెదక్

ఎలిశిబాకు దీవెనలు. హడావుడిలో రాస్తున్నాను.

ఫోటో కమిటీ అంతా చూసింది. నువ్వు చీర ఎగ్గట్టి, నోరు తెరిచి, ప్రాణాలు అరచేత పట్టుకుని ఉరుకుతున్నావు. వెనక పిల్లల గుంపు కేకలేస్తూ తరుముతోంది. "గా పిల్లలు అక్కను ఊర్లకెల్లి ఎళ్లగొడుతున్నరు. సూదులు గట్టిగ ఏసినట్టుంది" అన్నాడు కమిటీలోని అనూప్. మన కమిటీలో సగం మంది చిన్నప్పుడు నీ చేతి సూదులు తిన్నవాళ్లే కాబట్టి ఎవరూ కాదనలేదు.

శుక్రవారం నీ కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. సంతకం చేయను. అనూప్ నీకు టికెట్ చూస్తున్నాడు. సామాను సర్దుకో.

యాకోబు

తా.క.: రేపు నా కంటికి ఆపరేషన్. ఈ ఆదివారం నీ ఉత్తరం నిస్సి చదువుతుంది. మర్యాదగా రాయి.

*

మలావీ

అన్నా,

వందనాలు చివర్లో పెడతాను, ఓపిక మిగిలితే.

నన్నెవరూ తరమడం లేదు. మైదానం గుండ్రంగా ఉంటుంది. నా వెనక కనబడే పిల్లలంతా నాకంటే ఒక చుట్టు ముందున్నారు. ముందున్నట్టు గొప్పకు రాశాను గాని, రోజూ చివర వచ్చేది నేనే. వాళ్ల కేకలు నన్ను హుషారు చేయడానికి. తమ చుట్లు అయిపోయాక కూర్చోరు. వెనక్కి వచ్చి, నా ఆఖరి చుట్టు నాతో కలిసి పరుగెత్తుతారు. ఒక్కరిని మైదానంలో వదిలేసి పోకూడదంటుంది చిసోమో.

నేను రాను. టికెట్ కొంటే ఆ విమానం అనూప్‌ను ఎక్కించు. సంతకం లేకపోతే ఇక్కడ వంట చేసైనా ఉంటాను.

కౌడిపల్లి బడిలో ఆటల పోటీలు గుర్తున్నాయా? నువ్వు పరుగెత్తేవాడివి. నేను ముగ్గు గీత పక్కన నీ చెప్పులు పట్టుకుని నిలబడేదాన్ని. నాకూ ఉరకాలని ఉందంటే, "నువ్వు ఉరికితే చెప్పులెవరు పట్టుకుంటరు?" అన్నావు. ఇక్కడ ఎవరి చెప్పులూ ఎవరూ పట్టుకోరు. గట్టు మీద వదిలేసి పరుగెత్తుతారు. చెప్పులు ఎక్కడికీ పోవు, అన్నా.

వందనాలు.
ఎలిశిబా

తా.క.: నిస్సీ, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు తల్లీ. నేను వేసుకునేవి మగవాళ్ల బూట్లని కూడా చెప్పు.

*

మెదక్

చెల్లె ఎలిశిబాకు అన్న యాకోబు వందనాలు. దీవెనలు కాదు, వందనాలే. నేను చెబుతుంటే నిస్సి సరిగ్గానే రాస్తోంది.

దాని గొంతు నీకు తెలుసు, మైకు అక్కర్లేదు. అంతా చదివేసింది. నేను నల్లద్దాలు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఎవరెవరు నా వైపు చూస్తున్నారో కనబడకపోవడమే నయమైంది. మీ వదిన లేచి స్త్రీల సమాజం వైపు తిరిగి, "రేపు పొద్దుగాల ఎవరెవరొస్తరు?" అంది.

సోమవారం చర్చి ఆవరణలో అందరూ కొంగులు బిగించి దిగారు. ఆపుదామని పోయాను. మీ వదిన చెప్పులు విడిచి నా చేతిలో పెట్టి, "జర పట్టుకోండ్రి" అంది. ఆమె వెనకే మిగతావాళ్లు. రెండు చేతులూ చాల్లేదు, చంకల్లో కూడా పెట్టుకున్నాను. గేటు బయట పోయేవాళ్లు ఆగి ఎవరికి బాగలేదని అడిగారు. అందరూ బాగానే ఉన్నారని చెప్పాను. చెప్పులు పట్టుకుని నిలబడితే చేతులు చాలా గుంజుతాయి, చెల్లె.

సంతకం చేసి పంపుతున్నాను. నల్లద్దాలతో పెట్టాను, వంకరగా ఉంటే వాళ్లకు సర్దిచెప్పుకో.

నీ అన్న,
యాకోబు

తా.క.: మీ వదిన అందరికన్నా చివర. ఆఖరి చుట్టుకు ఆమె ఒక్కతే మిగిలింది. చూడలేక చెప్పులన్నీ చర్చి మెట్ల మీద పెట్టి నేనూ ఉరికాను. కంటి డాక్టరుకు తెలియనివ్వకు. జాబితాలోంచి నీ పేరు తీసేశారు. ఆ జాగాలో నా మోకాలు రాసుకున్నారు.